భుజం మీద మిగిలిపోయిన చెయ్యి

ముప్పై నాలుగేళ్లుగా ఇదే గదిలో బట్టలు కుట్టి బతుకుతున్న నేను, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా ఇష్టపూర్వకంగా రాసుకుంటున్న వీలునామా ఇది. దీన్ని అమలుపరచే బాధ్యత నా ఒక్కగానొక్క కొడుకుది. చదివేటప్పుడు మా చెల్లెలు కూడా పక్కన ఉండాలి.

1. కుట్టుమిషన్, కత్తెరలు నా దగ్గర కాజాలు కుట్టే ఆవిడకి చెందాలి. పెద్ద కత్తెరతో కాగితాలు కోయకూడదు.

2. ఇల్లు, కంప్యూటర్, అందులోని ఫోటోలు నా కొడుక్కి. ఫోటోల విషయంలో ఒకటి ఒప్పుకోవాలి. పోయినేడు ఫోన్ నిండిపోతే వైరు పెట్టి అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, మనిషికో ఫోల్డర్ చేశాను. వాడి ఫోల్డర్ చూస్తే ఒళ్లు మండింది. ఊడిన పన్ను, కొత్త సైకిలు, స్కూలు బహుమతి, ఎక్కడ చూసినా వాడి పక్కన మా చెల్లెలే. కన్నది నేను, ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డదీ నేనే. పిన్నీ అన్నంత తియ్యగా వాడు అమ్మా అనలేదు. కుళ్లుకున్నాను, ఇప్పటికీ కుళ్లుకుంటున్నాను.

3. మూడు రోజులు కూర్చుని మూడు వందల పన్నెండు ఫోటోల్లో చెల్లెల్ని కత్తిరించేశాను. గుడ్డయితే ఎంత ఒంపయినా కోస్తాను. ఫోటోకి తిన్నటి గీతే దిక్కు. గీత ఎంత జరిపినా వాడి భుజం మీద దాని చెయ్యి మిగిలేది. ఇంకాస్త జరిపితే వాడి భుజమే పోతుంది. అక్కడ ఆగిపోయాను.

4. కోసే ముందు నమూనా దాచుకోవడం నా అలవాటు. అసలు ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. మిషన్ ఇచ్చేసే ముందు సొరుగులోని బాబిన్ల డబ్బా వెతకండి. ఆ పెన్‌డ్రైవ్ మా చెల్లెలికి. వాడు అడిగితే చూపించవచ్చు, మరీ ఎక్కువసార్లు వద్దు.

5. అన్నీ నేనే తీశాను కనుక నా ఫోటో లేదనుకున్నాను. ఒకటి దొరికింది. చెల్లెలు ఎప్పుడో పంపితే తెరవనే లేదు. నేను మిషన్ మీద వంగి వాడి స్కూలు చొక్కా కుడుతున్నాను, వాడు నా వీపుకి ఆనుకుని నిద్రపోతున్నాడు. అందులో చెల్లెలు లేదు. నాకు కత్తిరించే పని పెట్టకుండా తనే బయట నిలబడింది. నేను పోయాక గోడకి ఆ ఫోటోనే తగిలించండి. తీసిందెవరో కింద రాయండి.

తేదీ: మార్చి 11, 2023
సంతకం: మిషన్ అక్క

సాక్షులు:
1. ఎదురు షాపులో గడియారాలు బాగుచేసే ఆయన
2. కింది వాటాలో ఉండే నర్సు