రేడియేటర్ మూత

బావగారికి,

మీరు మా ఇంట్లో వదిలి వెళ్లిన పాత కారు గురించి రాయక తప్పడం లేదు. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టించడానికి అక్కను అందులోనే కోర్టుకు బయలుదేరదీశాను. ఎత్తు రోడ్డు సగం ఎక్కేసరికి ఇంజన్ సలసల కాగి, అద్దం నిండా ఆవిరి కమ్మేసింది. వాయిదా తప్పిపోయింది.

మెకానిక్ ఫ్యాను బెల్టు, నీళ్ల పంపు అన్నీ చూసి, "ఇంజన్ గుండ్రాయిలా ఉంది సార్. రేడియేటర్ మూతలో రబ్బరు వాషరే లేదు. అది లేకపోతే నీళ్లు పొంగిపోవూ?" అన్నాడు. కొత్తది వేయించాను. తర్వాతి వాయిదాకు వెళ్తుంటే అదే చోట మళ్లీ ఆవిరి. మూత తీసి చూస్తే కొత్తదీ మాయం.

నిన్న తాళాల కోసం అక్క చేతిసంచి వెతికితే రెండు వాషర్లూ దొరికాయి. నిలదీశాను.

"ఆ కారు సంగతి నీకేం తెలుసురా? ఆయన నడిపినన్నాళ్లూ ఒక్కసారైనా వేడెక్కిందా?" అంది.

"అయితే బావనే రమ్మని రాయనా?"

"రాస్తే రాయి. నేను రమ్మన్నానని మాత్రం రాయకు" అని విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది.

కాబట్టి ఆమె మిమ్మల్ని రమ్మనలేదని మనవి. కారు చూడటానికే ఆదివారం రండి. కోర్టుకు మా వీధి చివరి నుంచే బస్సు ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తడం లేదు. మీరూ ఎత్తకండి.

ఇట్లు,
మీ బావమరిది