పాత రంగు కింద

అన్నయ్యా,

నాన్న పాత కారుకి రంగు వేయించే ఖర్చు ఒక్కసారిగా రెట్టింపైందని ఫోన్లో చెబితే, "వాడు నీ చెవిలో పువ్వులు పెడుతున్నాడు. పాత రంగు గీకించకు, పైపైన కొట్టించెయ్" అన్నావు. నాకూ ఆ మేస్త్రీ మీద అనుమానమే. అందుకే చెప్పాపెట్టకుండా షెడ్డుకి వెళ్లాను.

ఎడమ తలుపు అప్పటికే గీకేసి ఉంది. రంగు కింద అరచేతి మందాన లప్పం, దాని వెనక లోపలికి నొక్కుకుపోయిన రేకు.

"దేనికో గట్టిగా గుద్ది, గుట్టుచప్పుడు కాకుండా లప్పం మెత్తించారమ్మా. ఇదంతా కోసి కొత్త రేకు అతకాలి. ఖర్చు పెరిగింది అందుకే" అన్నాడు మేస్త్రీ.

మేమంతా అత్తయ్య పెళ్లికి వెళ్లిన వారం తప్ప ఆ కారు ఎప్పుడూ నాన్న కళ్లముందే ఉంది. పరీక్షలని నువ్వొక్కడివే ఇంట్లో ఉండిపోయావు. తిరిగొచ్చి మీటరు చూసిన నాన్న, బండి సొంతానికి తిప్పుకున్నాడని డ్రైవర్ బాబాయిని పనిలోంచి తీసేశారు. "తాళం ముట్టుకుంటే ఒట్టండీ" అని ఆయన గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, నువ్వు గదిలోంచి బయటికే రాలేదు.

ఆ కారు నడిపింది నువ్వేనా? కాదంటే, పాత రంగు గీకించొద్దని అంతగా ఎందుకు పట్టుబట్టావు?

ఆదివారం నాన్న షెడ్డుకి వస్తానంటున్నారు. అప్పటిదాకా ఆ తలుపు ముట్టుకోవద్దని మేస్త్రీతో చెప్పాను. నువ్వు శనివారానికల్లా వచ్చి, నాన్నకి నీ నోటితోనే చెప్పు. డ్రైవర్ బాబాయి ఇల్లు కనుక్కున్నాను. అక్కడికి నిన్ను నేనే తీసుకెళ్తాను.

నీ చెల్లెలు