అమ్మ దిష్టి తీసిన పొయ్యి

కోవిల్‌పట్టి, గురువారం రాత్రి

నిద్ర పట్టడం లేదు, సంతోషంతోనే. నిన్నంతా మేడమీది సోలార్ ప్యానెళ్ళ కరెంటుతో నీళ్ళను విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను పెరట్లోని సిలిండర్‌లో నింపాను. పొద్దున చూస్తే గేజ్ ముల్లు రాత్రి ఉన్నచోటే ఉంది. ఎక్కడా లీకు లేదు! సాయంత్రం పొద్దు కుంకాక పెరట్లోనే పొయ్యి వెలిగించి పాలగిన్నె పెట్టాను. కొత్త పొయ్యి మీద మా ఇంట్లో మొదట పాలు పొంగాల్సిందే.

హైడ్రోజన్ మంట కంటికి ఆనదు. అమ్మ వంగి చూసి, "ఏమి పాపా, పొయ్యి ఇంకా అంటలేదే?" అంటూ చెయ్యి చాపింది. గబుక్కున వెనక్కి లాగాను. కనబడని నిప్పును ఏ ఇల్లాలి చేతికని ఇవ్వను?

అంతలో పాలు పొంగాయి. నిన్నటి ఎండతో!

అమ్మ గిన్నె దించింది. "ఊరి కండ్లన్నీ నీ మీదనే పడినాయి" అంటూ విరుదునగర్ మిరపకాయలు, రాళ్ళుప్పు నా చుట్టూ తిప్పి, అలవాటుగా పొయ్యిలో వేసేసింది. ఉప్పు చిటపటలాడింది. ఏమీ లేనట్టున్న చోట పసుపుపచ్చటి మంట లేచి నిలబడింది.

"సూడు పాపా, యెంత దిష్టి ఉండిందో!" అంది అమ్మ, ఆ మంటను చూపిస్తూ.

అది ఉప్పు తెచ్చిన రంగని చెప్పబోయి, నవ్వేశాను. మంట కనబడాలని రోజూ ఉప్పేస్తే బర్నర్ తుప్పు పట్టదూ? వేరే దారేదో వెతకాలి... రేపు. ఈ రాత్రికి అమ్మ మాటే నిజం. నా దిష్టి కాలిపోవడం కళ్ళారా చూశాను.