ఉత్తరం పక్కన కూర్చున్నది

నా వారసులకూ, ఈ కాగితం చేతికందినవారందరికీ తెలియజేయునది:

నేను, డల్సీ నంగలా, ఆలిస్ స్ప్రింగ్స్‌కు వాయవ్యాన ఉన్న ఎర్రబోరు ఊరి నివాసిని. వయసు డెబ్బై ఒకటి అని ప్రభుత్వం అంటుంది. మా కాలం వాళ్ళందరినీ జూలై ఒకటినే పుట్టించిన ప్రభుత్వం కనుక నేను వాదించను. మతి స్థిరంగా ఉంది. ఒక చెవి సరిగా వినపడదు, దానికీ మతికీ సంబంధం లేదని నర్సు రాసిచ్చింది. ఎవరి బలవంతమూ లేకుండా, మా మనవరాలి చేత రాయిస్తున్నాను. ఇంతకుముందు నోటిమాటగా పంచినవన్నీ రద్దు, ముఖ్యంగా కోపంలో పంచినవి.

1. దీన్ని అమలు చేసే బాధ్యత నా కూతురి కూతురు, బడి టీచరు షెరిలిన్ నపురుర్లది. చదివి వినిపించేటప్పుడు నా పేరు వచ్చిన ప్రతిచోటా దానికి బదులు 'కుమంజయి' అనాలి. పోయినవాళ్ళ పేరు పలకడం మన ఇంటావంటా లేదు. టీచరువి కదా అని ఉన్నది ఉన్నట్టు చదివేయకు తల్లీ. నా రేకు పెట్టెలోని ఫోటోలు కూడా పద్ధతి ప్రకారం దాచిపెట్టు, పోయినవాళ్ళ మొహమూ కంటపడకూడదు.

2. నా గునపం షెరిలిన్‌కు. దాంతో దుంపలు తవ్వాలి, ఉడుము బొరియలు తవ్వాలి. తలుపుకు అడ్డం పెట్టిందని తెలిస్తే బాగుండదు.

3. కుక్కలు మూడూ మా అక్క ఐవీ నంగలాకు. ఎలాగూ తిండి అక్కడే తింటున్నాయి. నా బట్టలూ దుప్పట్లూ మామూలుగా కాల్చేయండి, కానీ ఆ మూటలో గులాబీ రంగు ఉన్ని కోటు కోసం వెతక్కండి. పదకొండేళ్ళ కిందట ఒక్క రోజుకని అక్క తీసుకుంది. నేటి నుంచి అది చట్టప్రకారం ఆమెదే. వాటా ఉన్నవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదట. మంచిదే, లేకపోతే అక్క మొదటి వాక్యం నుంచీ తప్పులు పట్టేది.

4. ఇక ఫోటో సంగతి. బడి వరండాలో వేలాడుతున్న పెద్ద ఫోటో మ్యూజియం వాళ్ళది. అందులో ఉన్నవి రెండు మొహాలు, ఒకటి అక్కది, ఒకటి నాది కాబట్టి మాట్లాడే హక్కు నాకుంది. నాకు పదిహేడేళ్ళప్పుడు ఒక గడ్డం దొర తీశాడు. పిండి డబ్బా, టీ కాచుకునే డబ్బా పొద వెనక దాచమన్నాడు. నా గునపం తీసుకుని చేతికి కర్ర ఇచ్చాడు. 'ఆదిమ పద్ధతిలో దుంపలు తవ్వుతున్న స్త్రీలు' అని రాసుకున్నాడు. మేం తవ్వడం లేదు, టీ ఎప్పుడు తాగనిస్తాడా అని చూస్తున్నాం. ఇద్దరం ఎందుకు విరగబడి నవ్వుతున్నామో ఏ పుస్తకంలోనూ లేదు. పొద దాకా నడవడానికి బద్ధకించి అక్క ఆ కాలుతున్న టీ డబ్బాను తన వెనకే పెట్టుకుంది, కాసేపటికి మరిచిపోయి దానికే ఆనుకుంది. యాభై నాలుగేళ్ళు దాచాను, ఇప్పుడు చట్టబద్ధంగా బయటపెడుతున్నాను.

పోయినేడు పేర్లు రాసుకోవడానికి మ్యూజియం పిల్ల వచ్చింది. నేను క్లినిక్‌కు వెళ్ళిన రోజే రావాలా. ఉత్తరం పక్కన కూర్చున్నది మా చెల్లి అని అక్క చెప్పింది. ఆమె చెప్పింది ఫోటో తీసిన రోజు నేల మీద మేం కూర్చున్న ఉత్తరం. ఆ పిల్ల, బల్ల మీద పెట్టిన ఫోటోకి ఏ అంచు ఉత్తరాన ఉందో చూసి రాసుకుంది. అలా అక్క మొహం కింద నా పేరు, నా మొహం కింద అక్క పేరు ఎక్కాయి. దిద్దించమని ఏడాదిగా పోరుతున్నాను. అక్కది ఒకటే మాట: "నేను తప్పు చెప్పలేదే. ఉత్తరం ఎక్కడికి పోయింది?" నిజమే, ఎక్కడికీ పోలేదు. పైగా చూడవచ్చినవాళ్ళంతా నా పేరున్న మొహాన్ని అందగత్తె అంటుంటే నా తొందర కూడా కాస్త తగ్గింది.

ఇప్పుడు డాక్టరు మాట విన్నాక భయం పట్టుకుంది. నేను పోగానే పిల్లలు పద్ధతి తప్పకుండా నా పేరున్న మొహం మీద కాగితం అతికిస్తారు. అది అక్క మొహం. బడి ముందు నుంచి నడిచిన ప్రతిసారీ ఆమె తన చావు తానే చూడాలి. అది నేను భరించలేను. ఆమె మీద నాకున్న కోపాలన్నీ కలిపినా అంత ఉండవు.

5. కనుక కాగితం అతికించే పని షెరిలిన్‌ది కాదు, హెడ్మాస్టరుది అసలే కాదు. అక్కే అతికించాలి. ఎవరం ఎక్కడ కూర్చున్నామో ఆమెకే తెలుసు. చలిమంట దగ్గరైనా, పడకలోనైనా నేనెప్పుడూ ఆమెకు ఉత్తరానే. దక్షిణపు చలిగాలి ముందు పెద్దదానికి తగలాలని అమ్మ పెట్టిన ఏర్పాటు. అమ్మ పోయినా ఆమె ఆ చోటు మార్చలేదు. నేను ఎన్నడూ ఆ మాట ఆమెతో అనలేదు, ఇక్కడ అంటున్నాను.

6. కాగితం ఎప్పుడు తీయాలో కూడా అక్క ఇష్టం. ఏడాదా, రెండేళ్ళా అని ఎవరూ అడగవద్దు. అంతవరకూ ఫోటోలో ఆమె ఒక్కతే నవ్వుతూ ఉంటుంది. ఎవరితో కలిసి నవ్వుతున్నావని బడిపిల్లలు అడిగితే, అక్కా, నా పేరు చెప్పకు. ఉత్తరం వైపు చెయ్యి చూపించు, చాలు.

ఎర్రబోరు, 2009 ఆగస్టు 4

(సంతకం) డల్సీ నంగలా

సాక్షులు:
బ్రిజిట్ కోనర్, క్లినిక్ నర్సు
నెవిల్ జకమర, కొట్టు నడిపే ఆయన