డబ్బాలు రెండు, గిన్నె ఒకటే

జూన్ 3
మన సంఘం కోసం నేను చేసిన పెళ్లి సంబంధాల వెబ్ పేజీ మొదలైంది. సంఘం పెద్ద నర్సయ్య మామ, అక్క ఫొటోను వేలితో పెద్దది చేసి చూశాడు. "మంచిగున్నది బిడ్డా. ఇగ కాయితాలు పట్టుకొని తిరుగుడు తప్పింది." నేర్చుకున్న జావాస్క్రిప్ట్ ఇంటికి పనికొచ్చింది.

జూన్ 5
రజిత వదినను కూడా చేర్చాను. మా అమ్మ అన్న కూతురు. మొగుణ్ని వదిలేసి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లోనే, గైబీ నగర్ మగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే పని. వద్దు వద్దంటూనే ఫొటోకు కొత్తగా జడ వేసుకుంది.
అక్క ఆబ్జెక్ట్‌ను, అంటే కోడ్‌లో తన సమాచారమంతా ఉన్న డబ్బాను, కాపీ చేసి పేరు, వయసు, ఫొటో మార్చాను. ఇల్లు, ఇంటిపెద్ద ఇద్దరికీ ఒకటే కదా... డబ్బా లోపలి గిన్నెలాంటి 'వివరాలు' అలాగే ఉంచి, అందులో ఒక్క ప్రాపర్టీ, అంటే ఒక్క అంశం, మార్చాను. పెళ్లి: రెండోది. చిటికెలో అయిపోయింది.

జూన్ 11
అక్కను చూడటానికి షోలాపూర్ వాళ్లు రావాలి. రాలేదు. ఫోన్ ఎత్తరు.

జూన్ 12
నర్సయ్య మామ గుమ్మంలోనే నిలబడ్డాడు. "పెద్దపిల్లకు ఇదివరకే పెండ్లయిందట గద? మాకెందుకు చెప్పలే అంటున్నరు వాళ్లు."
నాగావ్ మగ్గాల కార్ఖానా నుంచి అప్పుడే వచ్చిన నాన్న, చెప్పులు విడవడం మర్చిపోయి లోపలికి వచ్చాడు. వెబ్ పేజీలో అక్క కార్డు తెరిచాను. పెళ్లి: రెండోది.
అక్కది నేను ముట్టనే లేదు!

జూన్ 13
శుక్రవారం. సాంచాలు, మరమగ్గాలన్నీ, వారపు బంద్. ఆ నిశ్శబ్దంలో తప్పు దొరికింది.
నేను చేసింది పైపై కాపీ. డబ్బాలు రెండయ్యాయి, లోపలి గిన్నె ఒకటే. వదిన గిన్నెలో వేసింది అక్క గిన్నెలోనూ పడింది. ఎర్రర్ కూడా రాదు. ఇద్దరికీ వివరాలు విడివిడిగా రాసి సరిచేశాను.
అక్క పక్కన కూర్చొని ఏడ్చాను. "గంత పెద్ద మచ్చ పెట్టిన నీకు. ఏ తప్పు లేని పిల్లవు, నిన్ను గట్ల జూపిచ్చిన..." అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఓదారుస్తోంది అనుకున్నాను.
వెనకాల వదిన బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

జూన్ 14
పొరపాటు వెబ్ పేజీదని షోలాపూర్ వాళ్లకు నర్సయ్య మామ నచ్చజెప్పాడు. రేపు కాక పై ఆదివారం వస్తారట. అమ్మ నవ్వింది.
నీళ్లు పట్టేచోట వదిన: "నా ఫొటో తీసెయ్యి పిల్లా."
"ఎందుకు వదినా?"
"మచ్చ అన్నవు గద. నా మచ్చ ఎవ్వలకెందుకు అంటుకోవాలె."
కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. సిగ్గుతో చచ్చిపోయాను.

జూన్ 16
మామను అడిగాను — పెళ్లి మొదటిదా రెండోదా అన్న ప్రాపర్టీనే అందరి కార్డుల్లోంచి తీసేస్తానని.
"గట్లెట్ల? అందరు ముందుగాల జూసేదే గది."
"అడిగితే ఎవరిది వాళ్లే చెప్పుకుంటరు మామా."
"షోలాపూరోళ్లు ఇప్పుడిప్పుడే నమ్మిన్రు. గిప్పుడు తీసేస్తె ఏందో దాచిన్రంటరు. మీ అక్క సంబంధం మల్ల చెడగొడ్తవా?"

జూన్ 17
వదిన తినకుండానే పనికి వెళ్లింది.
వదిన కార్డు తీసెయ్యాలన్నా, అందరి కార్డుల్లోంచి ఆ మాట తీసెయ్యాలన్నా ఒక్క డిలీట్ లైనే. రెండూ రాసి పెట్టాను. ఏదీ నడపలేదు. పక్కగదిలో అక్క ఆదివారానికి చీర ఇస్త్రీ చేసుకుంటోంది...
స్క్రీన్ మీద వదిన ఫొటో. తీసింది నేనే. నన్ను చూసే నవ్వింది.