గట్టు పక్క పసుపు పేలిక

మార్చి 4
చెరకు కొట్టడం అయిపోయింది. ఆఖరి బండి గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లింది. పొలమంతా మోకాలి లోతు ఎండాకు. సోమవారం తగలెట్టేస్తానంటాడు మా మరిది రాముడు. పొలం ఇద్దరికీ ఉమ్మడి. టీ గ్లాసు చేతికిస్తూనే చెప్పేశాను — ఈ ఏడు కాల్చనివ్వను.
"తాతల కాడ్నించీ కాలుస్తన్నాం వదినా. ఇప్పుడు నీకేటొచ్చింది?"
ఏమొచ్చిందా... ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాక బుద్ధొచ్చింది.

మార్చి 5
మళ్లీ వాదన. పొలం మనదంటాడు. కాగితం మీద మనది, అంతే. వానపాములున్నాయి, కప్పలున్నాయి, ముంగిసలున్నాయి. వాటినెవరైనా అడిగారా?
"అయితే ఆటికీ పాసుబుక్కులు రాయించు" అని ఒకటే నవ్వు. నవ్వనీ. నా మాటే కరెక్టు.

మార్చి 6
కౌజుపిట్ట! అడుగు వేయబోతే కాళ్ల ముందే బుర్రున లేచింది. ఆకు కింద ఆరు గుడ్లు. ఎంత సంబరమో నాకు! రాముడికి చెప్పలేదు. వాడికి కౌజు కూరంటే ప్రాణం.
చోటు గుర్తుండాలని కర్ర పాతి, చోడవరం బజారుకి తీసుకెళ్లే సంచిలోని పేలిక కట్టాను. పసుపుది. ఏ రంగైతేనేం.

మార్చి 8
నా బుద్ధి గడ్డి తిన్నది. పసుపు గుడ్డ కడితే ఊళ్లో అమ్మవారి చోటనుకుంటారని తట్టనే లేదు. కర్రకి కుంకుమ! కింద అరటిపండు, గిన్నెలో పాలు. ఆకు సర్దడానికి పిలిచిన సత్తెమ్మ, చెప్పులు గట్టు మీద విడిచి దణ్ణం పెడుతోంది.
"నాగులమ్మ కనపడిందేటి టీచరమ్మా? మాకొక్క ముక్క సెప్పలేదు!"
నేను నోరు తెరిచేలోగా మరో ఇద్దరు వచ్చి దణ్ణం పెట్టారు. ఊరుకున్నాను. ఛీ.

మార్చి 9
డీజిలు డబ్బాతో వచ్చాడు రాముడు. కుంకుమ చూశాడు. డబ్బా గట్టు మీద పెట్టేసి చెప్పులు విప్పాడు. నేనెంత గొంతు చించుకున్నా లొంగనివాడు పేలికకి లొంగాడు! సంతోషమే. ఒళ్లు మండుతోంది కూడా.
మూఢనమ్మకాలు వద్దని పిల్లలకి చెప్పిన నోరు ఇది. కానీ సత్తెమ్మ ఆ నేలమీద చెప్పుకాలు పెట్టదు. నా పాఠం విన్న ఒక్కరైనా నేలకి అంత మర్యాద ఇచ్చారా? నేనిచ్చానా? ఇది ఒప్పుకోవాలి. అయినా అబద్ధం అబద్ధమే.

మార్చి 10
ఆరు గుడ్లూ ఉన్నాయి. పిట్ట కూర్చునే ఉంది.

మార్చి 11
పొద్దున్నే రాముడు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.
"ఒట్టేసి సెప్పు వదినా. నువ్వు కళ్లారా సూసేవా నాగులమ్మని? సూసేవంటే ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ కాల్సను."
ఎప్పుడూ! ఒక్క 'ఊఁ' చాలు...
"రేపు నాతో పొలానికి రా. ఏం చూశానో చూపిస్తాను" అన్నాను.
వస్తానన్నాడు. గుడ్లు చూపిస్తాను. ఉన్నదున్నట్టు చెప్తాను. నాకు భయమేం లేదు.
డీజిలు డబ్బా ఇంకా గట్టు మీదే ఉంది.