తగ్గిన లెక్కలో ఒకడు

ఈరీ, పెన్సిల్వేనియా
మార్చి 15, శుక్రవారం

మిత్రుడు జెరోమ్‌కు,

కాజిమీర్ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం మర్యాదే గానీ, ఈసారి ఆ మర్యాద నా వల్ల కాదు. నువ్వూ నీ ఇంటివాళ్లూ బాగున్నారనే తలుస్తాను.

నిన్న పొద్దున రేడియోలో మీ లెక్కల ఆఫీసు తరఫున నీ గొంతు విన్నాం. మన కౌంటీలో వారం వారం నిరుద్యోగ భృతి తీసుకుంటున్నవాళ్ల సంఖ్య వరసగా తొమ్మిదో వారం తగ్గిందని, రోజులు బాగుపడుతున్నాయనడానికి ఇదే గుర్తని సంబరంగా చెప్పావు. మా ఆవిడ హెలెన్ రేడియో కట్టేసింది. ఆ తగ్గినవాళ్లలో నువ్వూ ఉన్నావని ఫోన్ చేసి చెప్పు ఆయనకి, అని నాతో అంది. ఫోన్లో అయితే నోరు జారతానని ఉత్తరం రాస్తున్నాను.

అక్టోబరులో వాల్వుల ఫ్యాక్టరీ నన్ను ఇంటికి పంపింది. ఫిబ్రవరిలో కోల్డ్ స్టోరేజీవాళ్లు స్టోర్‌కీపర్ పనికి పిలిస్తే ముందు నీ దగ్గరికే వచ్చాను. జీతం సగమే అయినా ఇన్సూరెన్సు ఉంది, హెలెన్ మోకాలి ఆపరేషన్ అయిపోతుందన్నాను. నువ్వేమన్నావు? ఒరే పిచ్చోడా, ఈ వయసులో ఆ మంచుగదుల్లో చావడమెందుకురా, నా అంకెలు చూడు, జనం పనుల్లోకి పోతున్నారు, ఏప్రిల్‌కల్లా ఫ్యాక్టరీ నిన్ను పిలుస్తుంది అన్నావు. ముప్పై ఏళ్లు ఒకే పడవలో కూర్చుని చేపలు పట్టినవాడి మాట కదా, నమ్మాను. పని వద్దన్నాను.

ఎవరైనా పని ఇస్తే కాదన్నావా అని, భృతి కోసం ప్రతి ఆదివారం నింపే ఫారంలో అడుగుతారు. కాదన్నానని రాశాను. భృతి ఆపేశారు. నీకు అబద్ధం చెప్పడమూ రాదు, పసిగట్టడమూ రాదని హెలెన్ నన్ను దెప్పింది.

సోమవారం అప్పీలు కోసం భృతి ఆఫీసుకి వెళ్తే కౌంటర్లో అమ్మాయి ఒక సంగతి చెప్పింది. భృతి గడువు ఇరవయ్యారు వారాలూ నిండినవాళ్లు కూడా ఆ లెక్కలోంచి పోతారట, పని దొరికినా దొరక్కపోయినా. పోయిన వేసవిలో ఉద్యోగాలు ఊడినవాళ్లంతా జనవరి నుంచి అలాగే రాలిపోతున్నారట. ఇరవై ఏళ్లుగా ఆ లెక్క కట్టేవాడివి, నీకు తెలియదా? తెలిసి నాకెందుకు చెప్పలేదు? నా గుండె మండిపోతోంది. అయినా పొరపాటే అయుంటుందని నీ తరఫున నేనే నాలుగు రోజులు హెలెన్‌తో వాదించాను.

ఇకమీదట చర్చిలో శుక్రవారం చేపల విందుకి నా పక్క కుర్చీ నీకోసం పట్టి ఉంచను.

ఇట్లు,
నిన్నటిదాకా నీవాడు,
కాజిమీర్

తా.క.: కవరు అంటించేముందు, సిగ్గు విడిచి ఆ కోల్డ్ స్టోరేజీకి వెళ్లొచ్చాను, ఆ పని ఇంకా ఉందేమోనని. నేను కూర్చోవాల్సిన బల్ల దగ్గర మీ అల్లుడు ట్రెవర్ ఉన్నాడు. ఫిబ్రవరిలోనే చేరాడట. లేచి నిలబడి కాఫీ ఇచ్చాడు, ఆంటీ మోకాలు ఎలా ఉందని అడిగాడు. పాపం, ఏమీ ఎరగడు, వాణ్ణేమీ అనకు. ఎవరో మతిలేనివాడు ఈ పని వద్దన్నాడు, వెంటనే వెళ్లి పట్టుకో అని మామగారే పంపించారని చెప్పాడు.